పాత సినిమా పాటల పుస్తకాలు: వెతకడం, గుర్తుపట్టడం, దాచుకోవడం

పాత సినిమా పాటల పుస్తకం ఏది చేతికొచ్చినా మొదట వెనక అట్ట తిప్పి చూడండి. ముందు అట్ట మీద హీరో హీరోయిన్ల బొమ్మ ఎలాగూ మనసు లాగేస్తుంది. కానీ ఆ పుస్తకం ఎప్పటిదో, ఎక్కడిదో, అసలుదో కాదో చెప్పేది వెనక అట్ట కింద చిన్న అక్షరాల్లో ఉండే రెండు మూడు లైన్లే. ప్రెస్సు పేరు, పంపిణీదారు పేరు, వెల.

మాది తెనాలి. నాకు డీటీపీ, జిరాక్సు, బైండింగు షాపు ఉంది. మా పెదనాన్న లెటర్‌ప్రెస్‌లో కంపోజిటరు, అంటే అచ్చుకి సీసపు అక్షరాలు చేత్తో పేర్చే మనిషి. అచ్చు పని, బైండింగు పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పాటల పుస్తకాల మీద ఇష్టం కూడా అక్కడే మొదలైంది. చాలా ఏళ్ళుగా వీటిని పోగేస్తున్నాను కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొచ్చే సంగతులు రాస్తున్నాను.

వీటిని చూడనివాళ్ళ కోసం ఒక మాట. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి సోడాలు, వేరుశనక్కాయలతో పాటు ఈ పుస్తకాలూ అమ్మేవాళ్ళు. ఎనిమిదో పదహారో పేజీలు ఉంటాయి. మొదట నటీనటులు, సాంకేతిక నిపుణుల పేర్లు, తర్వాత కథాసంగ్రహం. కథ సరిగ్గా ముడి పడే చోట ఆగిపోయి, ‘మిగతా కథ వెండితెరపై చూడండి’ అని ఉంటుంది. ఆ తర్వాత పాటలూ పద్యాలూ. టేపు రికార్డరు లేని ఇంట్లో, గ్రామఫోను కొనలేని ఇంట్లో పాట నిలిచింది ఈ నాలుగు కాగితాల వల్లే. అందుకే వీటిని పాత సామానులా చూస్తే నాకు బాధేస్తుంది.

ముందు గిరి గీసుకోండి

అన్నీ కొనాలనుకుంటే డబ్బూ చాలదు, బీరువా చాలదు. ఒక సంస్థ, ఒక కవి, ఒక దశాబ్దం, లేదా మీ జిల్లా నటులు, ఏదో ఒకటి ఎంచుకోండి. విజయా ప్రొడక్షన్స్ నిర్మాత చక్రపాణి గారు మా తెనాలి వారే. కాబట్టి నేను విజయా సినిమాలకి గిరి గీసుకున్నాను. 1950లో వచ్చిన షావుకారు నుంచి 1962లో వచ్చిన గుండమ్మ కథ దాకా తెలుగు సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఒక్కోదానికి మొదటి విడుదల పుస్తకం, మళ్ళీ ఆడినప్పుడు వేసిన పుస్తకం, తమిళ జంట పుస్తకం అని చూసుకుంటూ పోతే పని ఎప్పటికీ తెమలదు. ఉదాహరణకి 1955లో మిస్సమ్మ తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. తెలుగులో రామారావు, నాగేశ్వరరావు ఉంటే తమిళంలో జెమినీ గణేశన్, తంగవేలు. సావిత్రి రెండింట్లోనూ ఉంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే కలిగే సంతోషం వేరు.

ఎక్కడ దొరుకుతాయి

హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల బజారు, కోఠీ, విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల కొట్లు, ఇవి అందరికీ తెలిసినవే. తెల్లారగట్ల వెళ్తే మంచిది. ‘సినిమా పాటల పుస్తకాలున్నాయా’ అని అడిగితే చాలామంది కొట్టువాళ్ళు ఇప్పటి సంకలనాలు చూపిస్తారు. ‘హాల్లో అమ్మేవి, పల్చటివి’ అని చెప్పాలి. అవి విడిగా ఉండవు, పాత వారపత్రికల కట్టల మధ్యలో నలిగి ఉంటాయి. కాబట్టి కట్ట మొత్తం విప్పి చూడనిస్తారా అని మర్యాదగా అడగండి. చెన్నైలో 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక అక్కడి పాత పుస్తకాల కొట్లు సెంట్రల్ స్టేషన్‌కి దగ్గర్లోనే వేరే చోటికి చేరాయి. తమిళ జంట పుస్తకాలకి అటువైపు వెళ్ళాలి.

కొట్ల కంటే ఇళ్ళే మేలు. బంధువుల్లో పాటలు పాడే పెద్దమ్మలు, అత్తయ్యలు ఉంటే అడగండి. అప్పట్లో ఆడవాళ్ళు పాతికో ముప్ఫయ్యో పాటల పుస్తకాలు ఒకచోట చేర్చి, పైన దళసరి అట్ట వేసి, సూదీ దారంతో కుట్టుకునేవాళ్ళు. ఇలాంటి కుట్టు దొరికితే దాన్ని విప్పకండి. విడివిడిగా అమ్మితే ఎక్కువ డబ్బొస్తుందని వ్యాపారులు విప్పేస్తారు. నా ఉద్దేశంలో అది అన్యాయం. ఏ సినిమా తర్వాత ఏది చూశారో, ఏది నచ్చి దాచుకున్నారో ఆ వరసలోనే తెలుస్తుంది. మార్జిన్లలో రాతలు కూడా అంతే. నా దగ్గరున్న మిస్సమ్మ పుస్తకంలో ‘బృందావనమది అందరిదీ’ పాట పక్కన పెన్సిలుతో ‘పెళ్ళిచూపులకి’ అని రాసి ఉంది. కింద రెండు చోట్ల చిన్న గీతలు, ఊపిరి తీసుకోవడానికి కాబోలు. ఆ అమ్మాయి ఎవరో తెలియదు. ఆ పాట ఎంత శ్రద్ధగా సాధన చేసిందో మాత్రం ఆ గీతలు చూస్తే తెలుస్తుంది. పెన్సిలు రాతలు రబ్బరుతో చెరిపేసి ‘శుభ్రం’ చేసే అలవాటు ఉంటే దయచేసి మానండి.

కాలం నిర్ణయించడం

చాలా పుస్తకాల మీద సంవత్సరం ఉండదు. సినిమా విడుదలైన ఏడాది తెలిసినా, మీ చేతిలో ఉన్న పుస్తకం మొదటి విడుదలదో, పదేళ్ళ తర్వాత మళ్ళీ ఆడినప్పటిదో చెప్పలేం. ఇక్కడ వెల బాగా ఉపయోగపడుతుంది.

మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు. వెల అణాల్లో ఉంటే ఆ పుస్తకం 1957కి ముందుదో, మారకం ఇంకా సర్దుకోని ఆ ఒకటి రెండేళ్ళదో అనుకోవచ్చు. ‘న.పై.’ (నయా పైసలు) అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. ఎందుకంటే 1964 జూన్‌లో నాణేల మీద ‘నయా’ తీసేశారు, ఆ తర్వాత వట్టి పైసలే. 12 నయా పైసలు, 19 నయా పైసలు లాంటి వెల కనబడితే ఆశ్చర్యపోకండి. 2 అణాలకి 12, 3 అణాలకి 19 అని మారకం పట్టికలో ఉండేది. అంటే పాత ధరనే కొత్త డబ్బులోకి మార్చారన్నమాట.

మాయాబజార్ విషయంలో ఇది మరీ ముచ్చటగా ఉంటుంది. ఆ సినిమా విడుదలైంది 1957 మార్చి 27న. కొత్త పైసలు వచ్చింది సరిగ్గా ఐదు రోజుల తర్వాత. కాబట్టి ఆ పుస్తకం ఎక్కడ కనబడినా ముందు వెల చూడండి. అణాల్లో ఉంటే తొలి విడత ప్రతి అయ్యే అవకాశం ఎక్కువ.

రెండో ఆధారం చిరునామా. ‘మద్రాసు-17’ అంటే త్యాగరాయనగర్, ‘మద్రాసు-26’ అంటే వడపళని. ఇలా ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెలే ఉంటే పాతది. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది, కాబట్టి ‘600 017’ అని ఉంటే ఆ తర్వాతదే. పంపిణీదారు పేరు కూడా రాసుకోండి. పూర్ణా, నవయుగ లాంటి పేర్లు, పక్కన ‘ఆంధ్ర’, ‘సీడెడ్’, ‘నైజాం’ అని ఏరియాలు కనిపిస్తాయి. మళ్ళీ ఆడినప్పుడు పంపిణీదారు మారి ఉండొచ్చు. ఒకే సినిమాకి రెండు పేర్లతో రెండు పుస్తకాలు దొరికితే రెండూ ఉంచుకోండి.

ప్రెస్సు పేరు కూడా వదలొద్దు. విజయా అధినేత నాగిరెడ్డి గారికి మద్రాసులో బి.ఎన్.కె. ప్రెస్సు ఉండేది. చందమామ పత్రిక కూడా ఆయనా, చక్రపాణి గారూ 1947 జులైలో మొదలుపెట్టిందే. అచ్చు మీద ప్రేమ ఉన్నవాళ్ళు సినిమా తీస్తే పాటల పుస్తకం ఎంత నీటుగా ఉంటుందో చూడాలంటే విజయా పుస్తకాలు చూడాలి.

అసలుదా, నకలా

ఈమధ్య అసలు ప్రతిని స్కాన్ చేసి, పాతబడినట్టున్న గోధుమరంగు కాగితం మీద ప్రింటు తీసి అమ్ముతున్నారు. షాపులో రోజంతా కాగితం పట్టుకునే నాలాంటివాడికి ఇది పట్టడం తేలిక, మీకూ కష్టం కాదు. అసలు పుస్తకం లెటర్‌ప్రెస్‌లో అచ్చయితే సీసపు అక్షరం కాగితంలోకి దిగుతుంది. పేజీని ఏటవాలుగా వెలుతురులో పట్టుకుంటే వెనక వైపు అక్షరాలు సన్నగా ఉబ్బి కనిపిస్తాయి. కళ్ళు మూసుకుని వేలు పెట్టి తడిమితే తగులుతాయి కూడా. జిరాక్సు, లేజర్ ప్రింటులో సిరా కాగితం పైన పొరలా ఉండి మెరుస్తుంది, మడత దగ్గర పొట్టులా రాలుతుంది. ఫొటోని భూతద్దంతో చూడండి. అసలుదాంట్లో బొమ్మ మాత్రమే చుక్కలుగా ఉంటుంది, అక్షరాల అంచులు గట్టిగా ఉంటాయి. స్కాన్ చేసి వేసినదాంట్లో అక్షరాల అంచులు కూడా చెదిరి కనిపిస్తాయి.

ఇంకో గుర్తు, కంపోజిటర్లు మాత్రమే పట్టించుకునేది. చేత్తో అక్షరాలు పేర్చేటప్పుడు ఒక సైజులో ఏదో అక్షరం అయిపోతే పక్క గడిలోంచి వేరే పోత అక్షరం తీసి పెట్టేవాళ్ళు. ఒకే లైనులో ఒక ‘ళ’ కాస్త లావుగా, ఒక ‘క్ష’ కాస్త పైకి లేచి కనబడుతుంది. అలాంటి చోటు కనబడినప్పుడల్లా, రాత్రి ప్రెస్సులో లైటు కింద రేపటి ఆటకి పుస్తకం అందించాలన్న టెన్షన్‌తో పనిచేసిన మనిషి నాకు గుర్తొస్తాడు.

కొనేముందు పేజీలు లెక్కపెట్టండి. మధ్య కాగితం ఊడిపోయిన పుస్తకాలు ఎక్కువ. పిన్ను దగ్గర తెరిచి, ఎడమ పేజీలో ఆగిన పాట కుడి పేజీలో కొనసాగుతోందా చూస్తే చాలు. లేని పేజీలకి తగ్గించి ధర అడగడంలో తప్పేమీ లేదు. అట్ట చినిగినా లోపలంతా ఉన్న పుస్తకమే, మెరిసే అట్ట ఉండి పాటలు లేనిదానికంటే నాకు విలువైనది.

ఇంటికి తెచ్చాక

పుస్తకాన్ని వెంటనే బీరువాలో పెట్టొద్దు. పురుగు ఉండొచ్చు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, గట్టిగా మూసి రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు అలాగే వదిలేయండి, లేకపోతే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. ఎండలో ఆరబెట్టడం మన ఇళ్ళలో అలవాటే కానీ ఈ కాగితానికి మంచిది కాదు. చవక న్యూస్‌ప్రింట్ ఎండకి ఇంకా పసుపెక్కి పెళుసవుతుంది. తడిగా ఉంటే నీడలో, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి మారుస్తూ ఆరబెట్టాలి.

దుమ్ముని మెత్తటి బ్రష్‌తో, మధ్య మడత నుంచి బయటికి దులపండి. చేతులు శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరాక ముట్టుకోండి. గ్లవ్స్ వద్దు, వేళ్ళకి కాగితం అంచు తెలియక చినిగిపోతుంది.

అసలు శత్రువు తుప్పు పట్టిన పిన్ను. కోస్తాలో తేమకి అది కాగితాన్ని తినేస్తుంది. పుస్తకాన్ని మధ్యకి తెరిచి, పిన్ను కాళ్ళ కింద సన్నటి గట్టి కాగితం ముక్క దూర్చండి. దాని మీదుగా పల్చటి చాకు మొనతో ఒక్కో కాలినీ మెల్లగా నిలబెట్టండి. పుస్తకం తిప్పి వెనక నుంచి లాగేయండి. లోపలి నుంచి లాగితే కాగితం చినుగుతుంది. తుప్పు పొడిని బ్రష్‌తో తీశాక, ఉన్న రెండు రంధ్రాల్లోంచే తెల్ల నూలు దారం పోనివ్వండి. లోపలి నుంచి బయటికి ఒక రంధ్రంలో, బయటి నుంచి లోపలికి రెండో దాంట్లో, లోపల ముడి. రెండో పిన్ను దగ్గరా ఇంతే. కొత్త రంధ్రం పొడవకూడదు, దారం బిగించి లాగకూడదు.

సెల్లోటేపు వేయకండి. ఎవరో ఎప్పుడో వేసినది ఉంటే పీకకండి, అచ్చుతో సహా ఊడొస్తుంది. లామినేషన్ అసలే వద్దు. నా షాపుకి పాత కాగితాలు తెచ్చి లామినేషన్ చేయమని అడిగేవాళ్ళకి ఇదే చెప్పి వెనక్కి పంపిస్తాను. ఒకసారి చేశాక మళ్ళీ విప్పలేం, లోపల కాగితం పాడవుతూనే ఉంటుంది.

దాచడానికి ఒక్కోదాన్ని యాసిడ్ లేని కాగితపు కవరులోనో, పాలీప్రొపిలీన్ కవరులోనో పెట్టి, పడుకోబెట్టి ఉంచండి. ఘాటు వాసనొచ్చే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, అచ్చు దానికి అంటుకుపోతుంది. ఇనప బీరువాలో మధ్య అర మంచిది, బయటి గోడకి ఆనించకుండా పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడు వేడిచేసి మళ్ళీ వాడుకోండి. కలరా ఉండలు వేయకండి, కాగితానికీ మీకూ మంచిది కాదు. వేపాకు మీద నమ్మకం ఉంటే బాగా ఎండినది గుడ్డ సంచిలో కట్టి అర మూలన పెట్టండి. పేజీల మధ్య పెడితే మచ్చ పడుతుంది.

స్కాన్ చేసేటప్పుడు

తెలుపు నలుపులో కాకుండా రంగుల్లోనే తీయండి. లోపలి పేజీలకి 400, అట్టకి 600 డీపీఐ పెట్టుకోండి. కాగితం పల్చన కాబట్టి వెనక పేజీ అక్షరాలు తొంగిచూస్తాయి. పేజీ వెనక నల్ల కాగితం పెడితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. పెళుసు పుస్తకాన్ని స్కానరు మీద నొక్కకండి. స్టాండుకి ఫోను బిగించి, రెండు వైపుల నుంచీ సమానంగా లైటు పడేట్టు చూసి ఫొటో తీస్తే సరిపోతుంది. అంచులు కత్తిరించకుండా కాగితం మొత్తం కనబడాలి. టిఫ్ ఫైలు మీ దగ్గర ఉంచుకుని, ఇతరులకి పీడీఎఫ్ ఇవ్వండి. ప్రతి ఫైలూ రెండు చోట్ల ఉండాలి.

పాటలు టైపు చేస్తే బండి ‘ఱ’, అరసున్న ఎక్కడుంటే అక్కడ అలాగే ఉంచండి. అచ్చుతప్పుని కూడా దిద్దకండి, పక్కన గుర్తు పెట్టండి చాలు.

సినిమా పక్కన పెట్టుకుని చదవడం

ఇంత కష్టపడేది దీనికోసమే. పుస్తకం చేతిలో పెట్టుకుని సినిమా చూడండి. పుస్తకం విడుదలకి ముందే అచ్చుకి వెళ్ళాలి కాబట్టి, ఆఖరి నిమిషంలో కత్తిరించిన పాటలు, పద్యాలు అందులో మిగిలిపోతాయి. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది, అందుకని రికార్డులో చరణం తగ్గొచ్చు. సినిమాలో, రికార్డులో, పుస్తకంలో ఒకే పాట మూడు రకాలుగా ఉండటం మామూలే. పెన్సిలుతో పుస్తకం మీద కాకుండా విడిగా నోటుబుక్కులో మూడు గడులు గీసి, ఏ లైను ఎక్కడుందో రాసుకుంటూ పోండి. మాయాబజార్‌కి ఇది చేసేటప్పుడు 1957 నాటి నలుపు తెలుపు ప్రతే తీసుకోండి. 2010లో రంగులద్ది విడుదల చేసినది దానికంటే పొట్టిది.

పేర్ల విషయంలో మాత్రం పుస్తకాన్నే ఆఖరి మాటగా తీసుకోకండి. మాయాబజార్ సంగీతం ఘంటసాల పేరు మీద ఉంది. కానీ లాహిరి లాహిరి సహా నాలుగు పాటలకి బాణీలు మొదట సాలూరి రాజేశ్వరరావు గారు కట్టినవి. 1953 నాటి దేవదాసు పాటలు సముద్రాల సీనియర్ పేరుతో ఉన్నాయి, వాటిలో మల్లాది రామకృష్ణశాస్త్రి గారి చేయి ఉందని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పుస్తకంలో ఏముందో అది రాసుకోండి, వాదన ఏమిటో పక్కన వేరేగా రాసుకోండి. రెండూ కలపకండి.

ఒక్కో పుస్తకానికి నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించండి. సినిమా పేరు, వెల, ప్రెస్సు, పంపిణీదారు, పేజీలు, కొలత, ఎక్కడ ఎవరి ద్వారా దొరికింది, లోపలి రాతలు, ఏ పేజీ లేదు. చివరి రెండూ మర్చిపోవద్దు.

నెట్‌లో పెట్టేముందు కాపీరైటు చూసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. పాటల రచయితలు సముద్రాల సీనియర్ 1968లో, పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. అంటే ఆయా పాటలకి ఆ గడువు ఇంకా తీరలేదు. పుస్తకం మొత్తం పెట్టే బదులు అట్ట, వివరాల పేజీ చూపించి, పరిశోధన చేసేవాళ్ళు అడిగితే మీ దగ్గరికే పిలిచి చూపించండి. రెండేసి ప్రతులు ఉన్నవి అమ్మకుండా మార్పిడికి ఉంచుకుంటే లేనివి త్వరగా దొరుకుతాయి. పుణెలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పాటల పుస్తకాలు కూడా భద్రపరుస్తుంది. అరుదైనది దొరికితే దాని స్కాన్ ఒకటి వాళ్ళకి పంపుతామని ముందుగా ఉత్తరం రాసి అడగండి, దానితో పాటు మీ నోటుబుక్కు పేజీ నకలు కూడా జతచేయండి.